అరికాలి వంపు: అనవసరమైన భయము, అవసరమైన శ్రద్ధ

శ్రీకృష్ణాష్టమినాడు మన యిండ్లలో వాకిలి నుండి పూజాగృహము వరకు బియ్యపు పిండితో దిద్దు చిన్ని పాదములకు లోపలి వైపున చక్కని వంపుండును. పిడికిలిని పిండిలో ముంచి నేలపై అద్దుటచే ఆ వంపు తనంత తానే వచ్చును. కాని స్నానము చేసి తడి కాళ్ళతో గచ్చుపై నడచిన బిడ్డ అడుగు చూచిన, అందులో ఆ వంపు పలుమారు కానరాదు. మడమ నుండి వ్రేళ్ళ వరకు అరికాలంతయు నేలకు తగిలి ముద్ర నిండుగా నుండును. తల్లిదండ్రుల గుండెలో రాయి పడును. "పిల్లవాడు రేపు పోలీసు ఉద్యోగమునకు పనికిరాడు" అని ఇరుగుపొరుగువా రొక మాట చేర్చుదురు. మరునాడే ప్రత్యేకమైన బూట్ల కొరకు ప్రయాణము.

ఈ ప్రయాణము చాలవరకు వ్యర్థము. అదే యింటిలో ఏబది యేండ్లు దాటిన తల్లికి ఒక పాదము నెలనెలకు లోపలికి ఒరిగిపోవుచున్నను, "వయసు వచ్చినది, కాళ్ళు వాచక మానునా" అని ఊరకుందురు. చదును పాదముల విషయమున మనవారు చింత అక్కరలేని చోట ధనమును, చింతింపవలసిన చోట కాలమును పోగొట్టుకొనుచున్నారు.

మనుష్యుని ప్రతి పాదమునందును 26 ఎముకలు కలవు. అవి రాతి కమానులోని రాళ్ళవలె ఒకదాని నొకటి ఒత్తిపట్టి యుండును. వానిని సంధిబంధనములును, పిక్క నుండి దిగివచ్చు స్నాయువులును బిగించి యుంచును. కండరమును ఎముకకు కట్టివేయు త్రాడే స్నాయువు. జనులు దానినే నరమని వ్యవహరింతురు. కాలు మోపునపుడు ఈ కమాను కొంచెము సాగి బరువును ఓర్చుకొనును. మడమ లేచునపుడు బిగుసుకొని శరీరమును ముందునకు నెట్టును. పసిబిడ్డలో సంధిబంధనములు సడలుగా నుండును. అరికాలి గుంటలో క్రొవ్వు నిండి యుండును. వంపు ఏర్పడుటకు తొలి పదేండ్ల కాలము పట్టును. 1987లో అమెరికాలో స్టాహెలీ అను వైద్యుడును ఆయన సహచరులును 882 పాదములను కొలిచి, చదును పాదము పసివారిలో సర్వసాధారణమనియు, పిల్లలలో తరచుగా కనిపించుననియు, పెద్దలలో సైతము సహజమైన హద్దులలోనిదే యనియు తేల్చిరి.

ఇంటనే చేయదగిన పరీక్ష యొకటి కలదు. బిడ్డను మునికాళ్ళపై నిలువబెట్టి వెనుక నుండి చూడవలెను. అరికాలి వంపు పైకి లేచి, మడమ కొంచెము లోపలికి తిరిగినచో ఆ పాదము మెత్తని చదును పాదము. నొప్పి లేక, పరుగునకు ఆటంకము లేకయున్నచో దానికి చికిత్స అవసరము లేదు.

మరి ఆ బూట్ల మాట యేమి? 1989లో వెంగర్ మొదలగు అమెరికా వైద్యులు ప్రచురించిన పరిశోధన యందు ఒకటి మొదలు ఆరేండ్ల వయసు గల పిల్లలను గుంపులుగా విభజించి, కొందరికి సరిదిద్దు బూట్లు, కొందరికి లోపల అమర్చు దిమ్మెలు ఇచ్చి, కొందరికి ఏమియు ఇయ్యక మూడేండ్లు చూచిరి. అన్ని గుంపులలోను పాదములు ఒకే విధముగ మెరుగుపడెను. బూట్లు తెచ్చిన లాభము శూన్యము. వంపు వచ్చినపుడు ఆ కీర్తి మాత్రము బూట్లకు దక్కుచున్నది! మన దేశముననే డాక్టర్ రావు, డాక్టర్ జోసెఫ్ అనువారు 2,300 మంది పిల్లల పాదముద్రలను పరిశీలించి 1992లో ప్రకటించిన ఫలితము ఇంకను ఆలోచింపదగినది. పాదరక్షలు ధరించు పిల్లలలో 8.6 శాతమునకు, ధరింపని వారిలో 2.8 శాతమునకు మాత్రమే చదును పాదములు కనిపించెను. ముందుభాగము మూసిన బూట్లు తొడుగువారిలో అవి యెక్కువ. చెప్పులు వేసికొనువారిలో తక్కువ. బూట్లే కారణమని దీనిచే పూర్తిగా నిరూపితమైనదని చెప్పజాలము. అయినను నడక నేర్చు బిడ్డకు గట్టి బూట్లు తొడిగి మురియుట మానుకొనుట మంచిది. వట్టి కాళ్ళతో ఆడుట మేలన్నంత మాత్రమున పెంటదిబ్బలపైకి పంపుమని అర్థము కాదు. కొంకిపురుగులును, తుప్పుపట్టిన మేకులును మన వీథులను విడిచిపోలేదు. ఇంటిలోను, శుభ్రమైన పెరటిలోను వట్టి కాళ్ళు, వీథిలో చెప్పులు.

ఉద్యోగముల సంగతి వేరు. పోలీసు నియామక ప్రకటనలలో మోకాళ్ళు రాసుకొనుట, మెల్లకన్ను మొదలగు వానితో పాటు చదును పాదమును అనర్హతగా పేర్కొనుట పరిపాటి. ఆ ఒక్క మాట చదివి, పరుగులో ఎవరికిని తీసిపోని పల్లెటూరి యువకులు కృంగిపోవుచున్నారు. ఎంపిక దగ్గరపడగానే గాజుసీసాను అరికాలి క్రింద దొర్లించుచు, దిమ్మెలు కొనుచు, నెలలో వంపు తెప్పింతుమను వారికి రొక్కము చెల్లించుచున్నారు. సీసా దొర్లించినంతనే ఎముకల అమరిక మారదు. కెనడా సైనికుల పాదములను వేలకొలది పరీక్షించి హారిస్, బీత్ అను వైద్యులు 1947లో ఒక నివేదిక ప్రకటించిరి. వంపు తక్కువైనను బలముగల పాదము సైనికుని నడకకు అడ్డురాదనియు, మడమ స్నాయువు కురుచయై ఎముకల అమరిక సడలిన పాదమే బాధించుననియు వారు కనుగొనిరి. మన సైన్యము ఈ భేదమును ఎరుగక పోలేదు. జాతీయ రక్షణ అకాడమీ ప్రవేశ ప్రకటనలతో అనేక సంవత్సరములు ప్రచురింపబడిన వైద్య ప్రమాణములలో, మునికాళ్ళపై నిలిచినపుడు వంపు తిరిగి కనిపించి, వ్రేళ్ళపై గంతులు వేయుచు పరుగెత్తగలిగి, పాదము మెత్తగాను నొప్పి లేకయు నున్నచో అభ్యర్థిని స్వీకరింపవచ్చునని యున్నది. బిరుసెక్కిన పాదము మాత్రము ఏ ఆకారము గలదైనను త్రోసిపుచ్చబడును. పోలీసు ప్రకటనలలోను ఇట్టి వివరణ చేర్చుట న్యాయము. పాదము ఆకారమును గాక అది చేయగల పనిని చూచినచో శాఖకు నష్టము లేదు. నాలుగేండ్లు మైదానములలో చెమటోడ్చిన యువకునికి గొప్ప మేలు.

పిల్లలలో చూపింపవలసిన పాదములు వేరుగా గుర్తింపదగినవి. మునికాళ్ళపై నిలిచినను వంపు రానిది, అటు నిటు కదలింపరానంత బిరుసైనది, నొప్పి పుట్టించునది, ఒక కాలికి మాత్రమే వచ్చినది, చీలమండ మాటిమాటికి బెణకునది వైద్యునికి చూపవలెను. ఎనిమిది మొదలు పదునారేండ్ల లోపువారిలో రెండెముకలు పుట్టుకతోనే కలిసియుండుట ఇట్టి బిరుసునకు తరచు కారణము.

ఇక పెద్దలలో కూలిపోవు వంపు. ఇది నలుబదియేండ్లు దాటిన స్త్రీలలో, అందును స్థూలకాయులలోను, మధుమేహము, రక్తపుపోటు గలవారిలోను ఎక్కువ. చీలమండ లోపలి ఎముక వెనుకగా దిగి వంపును ఎత్తిపట్టు స్నాయువు అరిగి సాగిపోవును. మొదట అచ్చట నొప్పి, వాపు. తరువాత నిన్నటివరకు వంపున్న పాదము చదునగును. మడమ వెలుపలికి వాలును. చెప్పు లోపలి అంచు ముందుగా అరుగును. గోడ పట్టుకొని ఆ ఒక్క కాలి మునివ్రేళ్ళపై లేవజూచిన లేవలేరు. మొదటి దశలో విశ్రాంతి, కొన్ని వారములు పట్టీ లేక పిండికట్టు, వంపునకు ఆనుడుగా దిమ్మె, మడమ గట్టిగా పట్టు పాదరక్ష, వైద్యుడు నేర్పు వ్యాయామము, బరువు తగ్గించుకొనుట తరచు సరిపోవును. బిడ్డకు పనికిరాని దిమ్మె తల్లికి పనికివచ్చును. సంవత్సరముల తరబడి ఉపేక్షించినచో కీళ్ళు బిగుసుకొని, ఎముకలు కోసి అతికించు శస్త్రచికిత్స తప్ప గతి లేకపోవచ్చును.

అన్నింటికంటె ప్రమాదకరమైనది నొప్పి లేక కూలు పాదము. భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనము 2023లో ప్రకటించిన అంచనా ప్రకారము మన దేశమున సుమారు 10 కోట్ల మందికి మధుమేహము కలదు. ఏండ్ల తరబడి చక్కెర అదుపు తప్పినవారి పాదములలో స్పర్శ నశించును. ఎముక విరిగినను తెలియక దానిపైననే నడతురు; లోపలి కమాను పిండి పిండి యగును. స్పర్శ నశించిన కీళ్ళు ఇట్లు శిథిలమగుటను ఫ్రాన్సు దేశపు వైద్యుడు షార్కో 1868లో వర్ణించెను. మధుమేహమునకు దీనితో గల సంబంధము 1936లో గుర్తింపబడినది. వెల్లూరులో కుష్ఠు వ్యాధిగ్రస్తుల నడుమ పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ నొప్పి లేకుండుటయే పాదమునకు పెద్ద శత్రువని చాటెను. నేడు మన ఆసుపత్రులలో ఇచ్చు మెత్తని ఎం.సి.ఆర్. చెప్పులకు ఆ కృషితో సంబంధము కలదు.

ఇట్టి పాదము ఎఱ్ఱబడి, వాచి, వేడిగా నుండును, నొప్పి స్వల్పము. ఇంటివారు బెణుకనుకొని నూనె మర్దించి వేడినీటి కాపడము పెట్టుదురు. స్పర్శ లేని కాలికి కాపడమువలన చర్మము కాలును. మర్దనమువలన విరిగిన ఎముకలు మరింత చెదరును. మధుమేహము గలవారు రాత్రి పండుకొనబోవుటకు ముందు ఇంటివారిచే రెండు పాదములను చేతి వెనుకభాగముతో తాకించి చూచుకొనవలెను. ఒక పాదము రెండవదానికంటె స్పష్టముగా వేడిగా నున్నచో, తెల్లవారిన పిదప ఆ కాలిపై నడువక, కుర్చీలోనో మంచముపైననో ఆసుపత్రికి చేర్చవలెను. అక్కడ వేయు పిండికట్టు కొన్ని నెలలుండవచ్చును. దానిని మధ్యలో విప్పించుకొనరాదు.