పాలు పిండే మిషన్ వచ్చింది, పేడెత్తే మిషన్ ఎందుకు రాలేదు?

మన చిత్తూరు, తిరుపతి పల్లెల్లో కోడి కూయకముందే లేసేది ఆడోళ్ళు. పేడెత్తి, కొట్టం కడిగి, పాలు పిండి, క్యాను ఎత్తుకొని పాలకేంద్రానికి పోయేది వాళ్ళే. చెనక్కాయ పంట ఎండిపోయిన ఏడు కూడా ఇల్లు గడిచేది ఆవు మీదనే. ఇప్పుడు పెద్ద డెయిరీ ఫారాల్లో పాలు మిషన్ పిండుతుంది. ఇది ఎవరికి మంచి, ఎవరికి చెడు అని మనం ఆలోచించాల.

ముందు మిషన్ సంగతి చూద్దాం. చిన్నది బకెట్ మిషన్. మోటారు గాలి పీలిస్తే నాలుగు రబ్బరు కప్పులు చన్నులకు పట్టుకొని దూడ చీకినట్టే చీకుతాయి. పెద్దది రోబో. 1992లో నెదర్లాండ్స్‌లో మొదట రైతు కొట్టంలోకి వచ్చింది. దాణా కోసం ఆవు తనంతట తానే లోపలికి పోతుంది. మెడలోని బిళ్ళను బట్టి ఏ ఆవో మిషన్ గుర్తుపడుతుంది. చన్నులు కడిగి, యాడున్నాయో చూసి కప్పులు తగిలిస్తుంది. పొదుగువాపు జాడ ఉంటే చెప్తుంది. ఒక్క రోబో సుమారు 60 ఆవుల్ని చూసుకుంటుంది.

మిషన్ వద్దని నేను అనడం లేదు. రెండుపూటలా పాలు పిండి పిండి వేళ్ళు వంకర్లు పోయిన మా అమ్మ చేతులు చూసినోణ్ణి. మిషన్‌కి కులం లేదు. కొన్నోడికి ఉంది. వాడికి భూమి ఉంది, బ్యాంకులో పరపతి ఉంది.

మా పక్కూరి ఫారంలో నేను చూసింది చెప్తాను. మిషన్ రాకముందు పాలు పిండేది నలుగురు. ఇప్పుడు ఒక్కడే, అతను కూడా ఓనరు చుట్టమే. పేడెత్తేది మాత్రం అప్పుడూ మనోళ్ళే, ఇప్పుడూ మనోళ్ళే. పేడ లాగే మిషన్లు లోకంలో లేవా? ఉన్నాయి. మన కూలి అంతకన్నా చౌక కాబట్టి కొనలేదు.

ఇంక మన ఆవు సంగతి. సంకరజాతి ఆవుకు రోజుకు 25, 30 కిలోల పచ్చిగడ్డి కావాల. సెంటు భూమి లేనోళ్ళు యాడ నుంచి తేవాల? గట్టు మీద గడ్డి కోస్తే గట్టు తెగిందని తిట్లు. మేత పోరంబోకు చుట్టూ ఎవరిదో కంచె. ప్రభుత్వం ఆవును ఇస్తుంది, మేత ఇవ్వదు. ఏడాది తిరక్కముందే ఆవు సంతకు పోతుంది, అప్పు ఇంట్లో ఉంటుంది.

చిత్తూరు సహకార డెయిరీ 2002లో మూతపడింది. దాన్ని మళ్ళీ తెరుస్తామని 2023 జూలైలో అమూల్ పేరు మీద పునాదిరాయి వేసినారు. ఈ నడుమ ఇరవై ఏండ్లు రైతులు ఎవరు చెప్పిన రేటుకు వాళ్ళకు పాలు పోసినారు. అదే తిరుపతిలో 2014లో పాలుపోసే ఆడోళ్ళే వాటాదారులుగా శ్రీజ మహిళా కంపెనీ పుట్టింది. ఆడోళ్ళు నడపలేరనే మాటకు అదే జవాబు. అయితే అట్లాంటి చోట మన పేటల నుంచి వాటాదారులు ఎందరు, బోర్డులో ఎందరు అని మనమే లెక్క అడగాల.

మనం అడగాల్సినవి ఇవి. ఎస్సీ కాలనీకి మేత భూమి కావాల. సబ్‌ప్లాన్ డబ్బుతో పదిండ్లకు ఒక బకెట్ మిషన్ ఆడోళ్ళ సంఘం చేతికి రావాల. దాన్ని రిపేరు చేసే పని మన పిల్లలకు నేర్పాల. ఫారం కూలీలకు కనీస వేతనం, బూట్లు, గ్లౌజులు, వారానికొక సెలవు ఉండాల. మిషన్ కాడ పనిలో మనకూ పాలుండాల.

చచ్చిన గొడ్డు మాంసం మానేయమని 1927లో మహాడ్‌లో అంబేద్కర్ చెప్పినాడు. చచ్చిన ఆవు మనకు, పాలిచ్చే ఆవు వాళ్ళకు అనే పంపకం ఈ ఊర్లు చేసిందే. కొత్త మిషన్ వచ్చిన నాడు కూడా పాత పంపకమే నడిస్తే, మారింది కొట్టమే గాని ఊరు కాదు.