మూలరూపమను మూఢవిశ్వాసము

వీరుని తొలి కథయే ప్రమాణమనియు, తరువాతి రచయితలు ఆతని జన్మవృత్తాంతమును గాని శక్తులను గాని మార్చుట అపచారమనియు కామిక్ పుస్తకముల అభిమానులలో ఒక అభిప్రాయము పాతుకొనియున్నది. బెంగళూరున జరుగు కామిక్ కాన్ ప్రదర్శనమునకు పోయి ఏ పుస్తకముల అంగడి కడ కొంతసేపు నిలిచినను ఈ మాట చెవిని పడును. వినుటకు ఇది నిష్ఠవలె తోచును గాని చరిత్ర ముందర నిలువదు.

1938లో తొలిసారి అచ్చులో కనబడిన సూపర్‌మాన్‌కు ఎగురుట రాదు. ఎత్తైన మేడలను ఒక్క గంతున దాటుటయే ఆతని ఘనత. గగనవిహారము పిమ్మట అబ్బినది. ఆతనిని నిర్వీర్యుని చేయు క్రిప్టోనైట్ శిల 1943లో రేడియో నాటకమున పుట్టి, పుస్తకములలోనికి తరువాత వచ్చి చేరినది. తొలిరూపమే పవిత్రమందురేని, ఆకాశమున సంచరించు సూపర్‌మాన్‌ను ఈ నిష్ఠాపరులు ముందుగా వెలివేయవలసియుండును.

ఇక మన ఊరి సంగతి. బెంగళూరున కార్యాలయముండిన గోథమ్ అను కామిక్ ప్రచురణ సంస్థ 2004లో మార్వెల్ వారి అనుమతితో స్పైడర్‌మాన్‌ను భారతీయుని చేసినది. శరద్ దేవరాజన్, సురేశ్ సీతారామన్, చిత్రకారుడు జీవన్ కాంగ్ కలసి కల్పించిన పవిత్ర్ ప్రభాకర్ పల్లెనుండి ముంబయికి చదువుకొన వచ్చిన పిల్లవాడు. మూలకథలోని స్పైడర్‌మాన్‌నువలె ఆతనిని రేడియోధార్మిక సాలీడు కుట్టలేదు. ఒక యోగి శక్తి ననుగ్రహించెను. మేన సాలెగూటి గీతల చొక్కా, నడుమున పంచె. దీనిని అపచారమనువారు నేటికిని కలరు. నా ఫిర్యాదు వేరు: వారు మార్చినది చాలలేదు. మూలకథలోని ప్రేయసి మేరీ జేన్ మీరా జైన్ అయినది, ప్రతినాయకుడు నార్మన్ ఆస్బర్న్ నళిన్ ఒబెరాయ్ అయినాడు. పొడి అక్షరములు సరిపోవునట్లు పేర్లు కూర్చిరే గాని, ఆ మనుష్యులకు ఈ నేలలో వేళ్లు తన్ను బ్రతుకును కూర్చలేదు. అయినను ఒక్క చోట ఆ కథ నన్ను కదిలించును. దుర్మార్గుల చేత చిక్కిన స్త్రీని చూచియు పవిత్ర్ తొలగిపోగా, ఆమెను కాపాడబోయి, ఆతనిని పెంచిన భీమ్ ప్రాణములు కోల్పోవును. శక్తి ఎచ్చటినుండి వచ్చినను, దానిని వినియోగింపని క్షణమునకు చెల్లింపవలసిన మూల్యము మారలేదు. కథకు ప్రాణము అచ్చటనున్నది. సాలీటి కాటులో లేదు.

2023లో తెలుగున కూడ విడుదలయిన ‘స్పైడర్‌మాన్: ఎక్రాస్ ద స్పైడర్‌వర్స్’ చలనచిత్రమున ఈ మూలరూపవాదమే ఒక పాత్రయై నిలిచినది. ప్రతి స్పైడర్‌మాన్ కథలోను కొన్ని దుఃఖములు జరిగితీరవలెనని మిగెల్ అను మరియొక స్పైడర్‌మాన్ శాసించును. మైల్స్ అను బాలుడు పవిత్ర్ ప్రేయసి గాయత్రి తండ్రియైన పోలీసు అధికారిని కాపాడి ఆ శాసనమును భంగపరచును. పవిత్ర్ నగరము క్రుంగనారంభించుట నిజమే. కాని ఆ తండ్రి బ్రతికినందుకు ఊరట చెందిన ప్రేక్షకుడు కథ మారరాదని ఏ నోట వాదించును?

తెలుగువారికి ఈ వాదము మరింత తగనిది. రంగనాథ రామాయణమున వారధికి ఇసుక మోసిన ఉడుత వాల్మీకమున లేదు. దానిని తొలగింపుమను తెలుగువాడెవడు?

రాబోవు చిత్రకారుడెవడేని పవిత్ర్‌ను ముంబయినుండి తెచ్చి మన బెంగళూరి శివాజీనగర బస్టాండున నిలుపదలచినను, యోగిని విడిచి ఆ శక్తికి వేరొక కారణము చెప్పదలచినను, అభిమానులు ఆతని నడుగవలసిన ప్రశ్న ఒక్కటే: కాపాడగలిగియు కాపాడని ఆ క్షణమును నీ కథలో ఎచ్చట నుంచితివి?