అప్రెంటిస్‌కు లెవెల్-1 మెట్టేనా?

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌లో బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ తెలుగు కార్మికులున్నారు, వారిలో దళితులూ ఉన్నారు. అదే ఊళ్లో 1951లో తొలి ఐఐటీ మొదలైంది. అందులో ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్ రావడానికి 1973 దాకా ఆగాల్సి వచ్చింది.

1938లో మన్మాడ్‌లో జీఐపీ రైల్వే దళిత కార్మికుల సభలో బాబాసాహెబ్ ఎత్తిచూపింది ఇదే: గ్యాంగ్‌మన్‌గా చేరినవాడు గ్యాంగ్‌మన్‌గానే మిగిలిపోతున్నాడు.

ఇప్పుడు? ఐటీఐ చదివి, రైల్వేలో అప్రెంటిస్ ముగించిన ఫిట్టర్‌కు దక్కేది లెవెల్-1 నియామకాల్లో 20 శాతం కోటా. అంటే అట్టడుగు మెట్టు. మెకానికల్ జూనియర్ ఇంజనీర్‌ది లెవెల్-6. నేరుగా ఆ పరీక్ష రాయాలంటే డిప్లొమా ఉండాలి. బేరింగ్ చప్పుడు విని లోపం పట్టే చేతికి ఆ కాగితం లేదు. ఐటీఐ వాళ్లకు డిప్లొమా రెండో ఏట ప్రవేశం ఉంది కదా అంటారు. నిజమే, కానీ ఇంటిల్లిపాదీ తన సంపాదన మీదే బతుకుతుంటే పగటి తరగతులకు వెళ్లేదెవరు?

ప్రతిభ గురించి మనకు పాఠాలు చెప్పేవాళ్లు ముందు ఈ లెక్క చూడాలి. అప్రెంటిస్ కాలాన్ని డిప్లొమాలో క్రెడిట్లుగా గుర్తించాలి. 2023 నాటి జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ అందుకు వీలిస్తోంది. తరగతులు షిఫ్టు దిగాక పెట్టాలి. ఊళ్లోనే ఉన్న ఐఐటీ తన ల్యాబులను సాయంత్రాలు ఈ పిల్లలకు తెరవాలి.