మనసును కొలిచే ముందు మనిషిది ఏ ఊరో అడగండి

ఫోన్లో పది ప్రశ్నలకు జవాబు నొక్కితే చాలు, మీకు డిప్రెషన్ ఉందో లేదో చెప్పేస్తామనే యాప్‌లు వచ్చాయి. ఒక్క పూటలో పిల్లల తెలివికి మార్కులు వేసిచ్చేవాళ్ళూ ఉన్నారు. ఆ కాగితం చూసి పిల్లవాడు మందమతి అని, నాయనమ్మకు మతి పోయిందని ఖాయం చేసుకోకండి. ఆ ప్రశ్నలు ఎవరి కోసం రాసినవో ముందు అడగండి.

సంస్కృతి అనగానే మనకు సంక్రాంతి ముగ్గులు, కూచిపూడి గుర్తొస్తాయి. మనస్తత్వశాస్త్రానికి కావలసింది అంతకంటే లోతైనది. పెద్దల ముందు కళ్ళెత్తి చూడొచ్చా, దుఃఖం ఎవరితో చెప్పుకోవాలి, దేనికి సిగ్గుపడాలి, జవాబు తెలిసినా ఎప్పుడు ఊరుకోవాలి? ఎవరూ పాఠం చెప్పకుండానే ఇంట్లో, వాడలో ఒంటబట్టే ఇలాంటి పద్ధతులన్నీ కలిస్తేనే సంస్కృతి. తాతయ్య ఎదుట తల వంచుకునే పిల్లవాడు కొత్త డాక్టరు ముందూ తల వంచుకుంటాడు. ఆ ఇంటి తీరు తెలియనివారు దాన్నే జబ్బు లక్షణంగా రాసేసుకోవచ్చు.

ఇది ఉత్త భయం కాదు. 1913లో అమెరికాలోని ఎల్లిస్ దీవిలో మనస్తత్వవేత్త హెన్రీ గొడ్డార్డ్ బృందం ఓడ దిగిన వలసజనానికి తెలివి పరీక్షలు పెట్టింది. తాము ఎంచుకున్న యూదులు, ఇటాలియన్లు, హంగేరియన్లు, రష్యన్లలో దాదాపు అయిదుగురికి నలుగురు బుద్ధిహీనులేనని 1917లో ప్రకటించారు! ఓడ అడుగు అరల్లో సముద్రం దాటి, అలసి, భాష తెలియక బిక్కుబిక్కుమంటూ నిలబడ్డ పేదలు వాళ్ళు. ఐక్యూ మార్కులు చూసి నల్లజాతి పిల్లలను మందబుద్ధుల తరగతుల్లో వేయడం చెల్లదని కాలిఫోర్నియాలో ఫెడరల్ కోర్టు చెప్పేసరికి 1979 వచ్చింది.

ఇప్పటికీ మనస్తత్వశాస్త్రం పునాది ఒకవైపే ఒరిగి ఉంది. పేరున్న పత్రికల్లో అచ్చయిన మానసిక అధ్యయనాల్లో పాల్గొన్నవారిలో 96 శాతం మంది, ప్రపంచ జనాభాలో 12 శాతమే ఉన్న దేశాలవారని జోసెఫ్ హెన్రిక్, మరో ఇద్దరు పరిశోధకులు 2010లో ఎత్తిచూపారు. మిగతా మనందరి మనసులనూ ఆ కొలతతోనే కొలుస్తున్నారన్నమాట.

మతిమరుపును పట్టే పరీక్షనే చూడండి. 1975లో అమెరికాలో వచ్చిన 30 మార్కుల పరీక్ష ప్రపంచమంతా పాకింది. అందులో ఒక వాక్యం రాయమంటారు, ఒక ఇంగ్లీషు మాట స్పెల్లింగును వెనక నుంచి చెప్పమంటారు. బడి ముఖం చూడని మన అవ్వకు అక్కడే మార్కులు పోతాయి. తేదీ అడిగితే ఆమె తిథి చెబుతుంది, తప్పంటారు. ఆమె మతి పోలేదు, ఆమె లెక్క వేరు. అందుకే హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో చదువురాని వృద్ధుల కోసం ఆ పరీక్షను హిందీలో మార్చి రాసుకున్నారు. 1995లో అది వెలుగుచూసింది.

మన నేల మీద వెతికితే ఏం దొరుకుతుందో హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రి చూపించింది. అక్కడ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగులను పరిశీలించి 2013లో ఒక మాట చెప్పింది: ఒకటికి మించి భాషలు మాట్లాడేవారిలో ఆ జబ్బు సుమారు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది, చదువురానివారిలో కూడా. అంతకుముందు విదేశాల్లో ఇలాంటి ఫలితమే వస్తే, అది భాషల ఫలమా, వలస ఫలమా అన్న అనుమానం ఉండేది. తెలుగు, ఉర్దూ, హిందీ కలగలిసిన ఊళ్ళో పుట్టి పెరిగినవారికి ఆ చిక్కు లేదు.

అయితే రెండో ప్రమాదం మన చేతుల్లోనే ఉంది. "మన ఇళ్ళలో ఇలాంటివి ఉండవు" అంటూ సంస్కృతిని అడ్డం పెట్టుకుని వైద్యం ఆపేవాళ్ళను నేను అస్సలు సమర్థించను. దిగులుగా ఉందని చెప్పుకోలేని కోడలు తలపోటని, గుండెదడని, ఒళ్ళంతా మంటలని చెబుతుంది. రక్తపరీక్షలన్నీ బాగున్నా బాధ తగ్గకపోతే మనసు సంగతీ అడిగించండి. చచ్చిపోతానన్న మాట వినబడితే ఏ పరీక్ష కోసమూ ఆగకండి. ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ సేవ టెలిమానస్ 14416కు రాత్రయినా పగలైనా ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. పరీక్షకే వెళ్ళాల్సివస్తే ఇంటి సంగతులు తెలిసినవారిని వెంట తీసుకెళ్ళండి. ప్రశ్నలు రోగి మాట్లాడే భాషలో అడగమనండి. మార్కులు ఎవరితో పోల్చి వేశారో అడగండి. జవాబు రాకపోతే ఆ కాగితం మీద సంతకం పెట్టకండి, మరో నిపుణుడికి చూపించండి.