షికాగో ఎవరికీ ఇవ్వని చొక్కాలు

అమెరికావాళ్లు దాన్ని ఫుట్‌బాల్ అంటారు గానీ అందులో కాలికి పని తక్కువ. రెండు కొసలూ మొనతేలిన బంతిని చంకలో ఇరికించుకుని పరుగెత్తడమే ఎక్కువ. అలా పరుగెత్తేవాడే రన్నింగ్ బ్యాక్. మన కబడ్డీలో కూతకెళ్లినవాణ్ని ఏడుగురు కాచుకుని ఉంటారు. ఇక్కడ పదకొండు మంది! అందులో సగం మంది వంద కిలోలు దాటిన భారీకాయులే. వాళ్లంతా మీద పడుతుంటే ఎంతటివాడి మోకాళ్లయినా ఎన్నాళ్లాగుతాయి? అయిదారేళ్లు నిలబడితే గట్టిపిండమే అనుకోవాలి.

అలాంటి పరుగువీరులను నెత్తిన పెట్టుకున్న ఊరు షికాగో. అక్కడి 'బేర్స్' జట్టుకు వందేళ్లు దాటాయి. గొప్ప ఆటగాడు వేసుకున్న చొక్కా నంబరును మరెవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టేయడం అక్కడి ఆనవాయితీగా ఉండేది. అలా దాచిన నంబర్లలో 77, 40, 34, 41 పరుగెత్తినవాళ్లవి. మొదటి మూడూ ఎందుకు దాచారో రికార్డులు తిరగేస్తే తెలిసిపోతుంది. 41 సంగతి మాత్రం ఏ లెక్కల్లోనూ దొరకదు.

77 రెడ్ గ్రాంజ్‌ది. చదువుకునే రోజుల్లో వేసవి సెలవులొస్తే ఇంటింటికీ ఐసు దిమ్మెలు మోసిన కుర్రాడు. కాలేజీ ఆటలకే జనం విరగబడేవారు, డబ్బులిచ్చి ఆడించే ఆటను పట్టించుకునేవారు కాదు. 1925లో గ్రాంజ్ బేర్స్‌లో చేరాడు. రెండు నెలల పైచిలుకులో జట్టు దేశమంతా తిరిగి 19 మ్యాచ్‌లు ఆడింది. న్యూయార్క్‌లో అతన్ని చూడటానికి 70 వేల మంది దాకా వచ్చారట. వృత్తి ఫుట్‌బాల్‌కు గిరాకీ పెరిగింది ఆ తర్వాతే.

ఇక 40. గేల్ సేయర్స్. 1965 డిసెంబరు 12న వానకు మైదానమంతా బురద. మిగతావాళ్లు నిలబడటానికే తంటాలు పడుతుంటే ఈ 22 ఏళ్ల కుర్రాడు మాత్రం పొడినేల మీద ఉన్నట్టు దూసుకుపోయాడు. ఒక్క మ్యాచ్‌లో ఆరు టచ్‌డౌన్లు! అప్పటికి అది ఇద్దరికే సాధ్యమైంది. తర్వాత కూడా 2020లో ఒక్కడే ఆ అంకెను అందుకున్నాడు. సేయర్స్ పరుగు చూసినవాళ్లు ఇప్పటికీ అదే చెబుతారు. పట్టుకున్నామనుకున్న క్షణానికి అతనక్కడ ఉండేవాడు కాదట.

అదే ఏడాది జట్టులోకి వచ్చాడు బ్రయన్ పికోలో. అంతకుముందు ఏడాది దేశంలోని కాలేజీ ఆటగాళ్లందరిలోకీ ఎక్కువ గజాలు పరుగెత్తినా, ఏ జట్టూ ఎంచుకోలేదు. చివరికి బేర్స్‌లో చోటు సంపాదించాడు. ఆడేదీ సేయర్స్ స్థానమే. ఇక అతనికి ఆట దక్కేదెప్పుడు? సేయర్స్ అలసినప్పుడో, దెబ్బ తగిలినప్పుడో! సేయర్స్ నల్లవాడు, పికోలో తెల్లవాడు. ఇద్దరికీ హోటళ్లలో ఒకే గది ఇచ్చింది జట్టు. 1960లలో అమెరికాలో అది మామూలు విషయం కాదు.

1968 నవంబరులో సేయర్స్ మోకాలు చితికిపోయింది. మామూలుగా అయితే పికోలోకు అదృష్టం పండినట్టే. అతను సేయర్స్ స్థానంలో ఆడాడు, బాగానే ఆడాడు. ఆట అయ్యాక మాత్రం స్నేహితుడి వెంటపడి కసరత్తు చేయించాడు. తన స్థానాన్ని తానే తిరిగి అప్పగించడానికి అంత శ్రమపడినవాళ్లు ఎక్కడుంటారు? మరుసటి ఏడాది సేయర్స్ తిరిగొచ్చి 1,032 గజాలతో లీగ్‌లోకెల్లా మొదట నిలిచాడు. పికోలో మరో స్థానంలోకి మారి అతని పక్కనే ఆడాడు. ఆ సీజన్‌లోనే పట్టుకుంది దగ్గు. ఎంతకీ తగ్గదు. నవంబరులో ఆట మధ్యలో తనంతట తానే బయటికొచ్చేశాడు. పరీక్ష చేస్తే ఛాతీలో క్యాన్సర్ గడ్డ.

1970 మేలో సేయర్స్‌కు ధైర్యసాహసాల అవార్డు ఇచ్చారు. వేదికెక్కి, ఇది నాకు కాదు పికోలోకు చెందాలన్నాడు. జూన్ 16న పికోలో చనిపోయాడు. వయసు 26. భార్య, ముగ్గురు చిన్నపిల్లలు. ఆ రకం క్యాన్సర్ ఇప్పుడు చాలామందికి నయమవుతోంది, అప్పుడు మందు లేదు. మొత్తం అతను పరుగెత్తింది 927 గజాలు. మంచి రన్నింగ్ బ్యాక్‌కు అది ఒక్క ఏడాది పని! అయినా 41 నంబరు చొక్కా బేర్స్‌లో ఇక ఎవరూ వేసుకోరు.

సేయర్స్ కూడా ఆడింది 68 మ్యాచ్‌లే, రెండో మోకాలూ దెబ్బతింది. 34 ఏళ్లకే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. మతిమరుపు జబ్బుతో చివరి ఏళ్లు గడిపి 2020లో కన్నుమూశాడు.

34 వాల్టర్ పేటన్‌ది. 1975లో తొలి మ్యాచ్‌లో ఎనిమిదిసార్లు బంతి అందుకుని అతను సాధించింది సున్నా గజాలు! తర్వాత 13 ఏళ్లలో తప్పిపోయింది ఒకే ఒక్క మ్యాచ్. 1977లో ఫ్లూ జ్వరంతోనే దిగి 275 గజాలు పరుగెత్తాడు. ముద్దుపేరు 'స్వీట్‌నెస్' గానీ, గీత దాటి తప్పించుకునే వీలున్నా దాటకుండా ఎదుటివాడినే వెళ్లి గుద్దేవాడు. 16,726 గజాలతో ఆట ముగించాడు. 2002 వరకూ ఆ రికార్డు చెక్కుచెదరలేదు. 1986 జనవరిలో బేర్స్ సూపర్ బౌల్‌ను 46-10తో గెలిచినప్పుడు మాత్రం అతనికి ఒక్క టచ్‌డౌన్ అవకాశమూ ఇవ్వలేదు. షికాగో జనానికి ఆ గుర్రు ఇప్పటికీ ఉంది.

అంతటి దేహదారుఢ్యమూ కాలేయ జబ్బుకు లొంగిపోయింది. మార్పిడి చేయాలనుకునేలోపు క్యాన్సర్ పాకింది. 1999 నవంబరు 1న, నడివయసులోనే పోయాడు. ఆరు రోజుల తర్వాత బేర్స్ తమ పాత శత్రువు గ్రీన్‌బే ఊళ్లో ఆడారు. 14-13 ఆధిక్యం, చివరి క్షణాలు, అవతలివాళ్లు సులువైన గోల్‌కు బంతి తన్నారు. బ్రయన్ రాబిన్సన్ అనే భారీ ఆటగాడు గాల్లోకి లేచి చేయి అడ్డుపెట్టాడు. బేర్స్ గెలిచారు. తనకు అంత ఎత్తు ఎగరడం చేతకాదని, వాల్టరే తనను పైకెత్తాడని చెప్పాడతను.