ఎల్లిపాయలు, జీరో టికెట్టు, రాని బస్సు

2024 ఆగస్టులో కొన్నాళ్లపాటు మన రాష్ట్ర రాజకీయమంతా ఎల్లిపాయల చుట్టూ తిరిగింది. ఆర్టీసీ బస్సులో కూచుని ఎల్లిపాయల పొట్టు తీసుకుంటే తప్పేమిటని ఒక మహిళా మంత్రి అన్నారు. తప్పని మేమన్నామా, కావాలంటే బ్రేక్ డాన్సులు కూడా చేసుకోమనండి అని ఒక మాజీ మంత్రి వెక్కిరించారు. తర్వాత ఆయన విచారం ప్రకటించారు, మహిళా కమిషన్ ముందు హాజరయ్యారు, గొడవ సద్దుమణిగింది. అసలు ఆ ఎల్లిపాయలు బస్సులోకి ఎందుకొచ్చాయని మాత్రం ఎవరూ అడగలేదు. మగవాడు బస్సెక్కితే పేపరు చదువుకుంటాడు, కునుకు తీస్తాడు. ఆమె వెంట ఇంటిపని కూడా బస్సెక్కి ఒళ్లో కూచుంటుంది. దిగేసరికి పొయ్యి మీదికి కూర సిద్ధం కావాలి కదా! నవ్వాల్సిన సంగతా ఇది?

2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలయింది. ఆ రోజు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకి జీరో టికెట్టు. 2025 జూలై నాటికి ఆ టికెట్ల లెక్క 200 కోట్లు దాటిందని ప్రభుత్వం సంబరం చేసింది. ఆ అంకె చూసి పెద్దమనుషులు అన్నమాట ఒక్కటే: ‘పనీపాటా లేక తిరుగుతున్నారు’. తిరక్క మగవాడు చెడతాడు, తిరిగి ఆడది చెడుతుంది అనే సామెత మన భాషలోదే. తిరిగిన మగవాడికి లోకజ్ఞానం వస్తుంది. తిరిగిన ఆడదానికి ఏ పేరొస్తుందో నేను రాయనక్కర్లేదు. స్త్రీల ఆత్మకథలు చదివేటప్పుడు నేను ప్రయాణాల దగ్గర ఆగుతుంటాను. పుట్టింటికి, పురిటికి, చావుకి, తీర్థానికి... ఎక్కడికి వెళ్లినా పక్కన తీసుకెళ్లేవాడొకడు ఉంటాడు. ఎవరినీ అడగకుండా, ఎవరి జేబులోంచీ తీసుకోకుండా ఆధార్ కార్డు చూపించి బస్సెక్కడం చిన్న విషయమేమీ కాదు. అమ్మగారింటికి ‘ఊరికే’ పోయిరావడం కూడా హక్కే. దానికి కారణం చూపించాల్సిన పని లేదు.

అయితే పథకాన్ని సమర్థించే మిత్రులతో నాకొక పేచీ ఉంది. టికెట్టు ఉచితం చేస్తే మన పని అయిపోయిందన్నట్టు మాట్లాడుతున్నాం. బస్సే లేని ఊళ్లో జీరో టికెట్టు దేనికి?

మా చొప్పదండి సంగతే చూడండి. కరీంనగర్ నుంచి ధర్మారం మీదుగా రాయపట్నం వెళ్లే రోడ్డు మీద ఉంది కాబట్టి మాకు పగలు బస్సులకి కొదవ లేదు. కష్టమంతా ఆ రోడ్డుకి లోపలున్న ఊళ్లది. బీడీలు చుట్టే ఆమె ప్రయాణం పొద్దున పది గంటల ఆఫీసుకి, సాయంత్రం ఇంటికి అన్నట్టు తిన్నగా ఉండదు. పిల్లని బడిలో దింపాలి, అత్తని దవాఖానకి తీసుకుపోవాలి, బ్యాంకులో సంఘం కిస్తీ కట్టాలి, మందులూ కూరగాయలూ కొనుక్కుని పొద్దుమూకకముందే వాకిట్లో ఉండాలి. మధ్యాహ్నం పన్నెండుకీ మూడుకీ నడుమ, అడ్డదిడ్డంగా, నాలుగు చోట్ల ఆగుతూ సాగే ఈ ప్రయాణం ఏ డిపో టైంటేబుల్లో ఉంది? బస్సు రాకపోతే షేర్ ఆటో. నాట్లకీ పత్తి ఏరడానికీ అయితే ట్రాలీ ఆటో, అందులో పట్టినంతమంది. అక్కడ జీరో టికెట్టు చెల్లదు.

కొండగట్టుని మనం ఎంత తొందరగా మర్చిపోయాం! 2018 సెప్టెంబరు 11, మంగళవారం. ఘాట్ రోడ్డు దిగుతూ ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. కొడిమ్యాల మండలం ఊళ్ల వాళ్లు, అంటే మా నియోజకవర్గం వాళ్లే. డ్రైవరు తప్పా, బ్రేకుల తప్పా అని రోజులపాటు చర్చ జరిగింది. ఆ ఒక్క బస్సులో దాదాపు వంద మంది ఎందుకెక్కాల్సి వచ్చిందనేది అంతకంటే పెద్ద ప్రశ్న. ఇది వదిలేస్తే మరో బస్సు వస్తుందన్న నమ్మకం ఉన్న మనిషి ఫుట్‌బోర్డు పట్టుకుని వేలాడదు. అప్పుడు జీరో టికెట్లు లేవు కాబట్టి, బస్సుల్లో రద్దీకి ఆడవాళ్ల ఉచిత ప్రయాణమే కారణమనేవాళ్లు ఆ తేదీని ఒకసారి గుర్తు చేసుకోవాలి.

నష్టం అంటారు. 2019 అక్టోబరులో దాదాపు 48 వేలమంది ఆర్టీసీ కార్మికులు 52 రోజులు సమ్మె చేస్తే అప్పటి ప్రభుత్వం చెప్పిన మాటా ఇదే. 5,100 రూట్లు ప్రైవేటుకి ఇస్తామని మంత్రివర్గం తీర్మానించింది. అదే సమ్మెలో దసరా సెలవులు పొడిగించాల్సి వచ్చింది. బస్సు ఆగితే బడి కూడా ఆగుతుందని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు కదా! బడి నష్టాల్లో నడుస్తోందని ఎవరూ అనరు. బస్సుకే ఈ లెక్క ఎందుకు?

ఇలా లెక్కలు చూసి బస్సులు మూసేసిన దేశాలూ ఉన్నాయి. కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రంలో 1946 నుంచి నడిచిన ప్రభుత్వ బస్సు సంస్థని 2017 మేలో మూసేశారు. ప్రైవేటు కంపెనీ గ్రేహౌండ్ 2018లో పశ్చిమ కెనడా నుంచి దాదాపుగా తప్పుకుని, 2021లో దేశంలోపలి బస్సులన్నీ ఆపేసింది. బ్రిటిష్ కొలంబియాలో 16వ నంబరు హైవేని ‘కన్నీళ్ల దారి’ అంటారు. బస్సులు అంతంతమాత్రంగా ఉన్న ఆ దారిలో లిఫ్టు అడుక్కుంటూ ప్రయాణించిన ఆదివాసీ స్త్రీలు ఎందరో దశాబ్దాలుగా మాయమయ్యారు, హత్యకి గురయ్యారు. 2019లో నివేదిక ఇచ్చిన జాతీయ విచారణ సంఘం, మారుమూల ప్రాంతాల ఆదివాసీ స్త్రీలకి భద్రమైన, అందుబాటు ధరలో ఉండే రవాణా కల్పించమని కోరింది. అంత దూరం పోనక్కర్లేదనుకుంటే, 2012 డిసెంబరు 16 రాత్రి ఢిల్లీ మునిర్కా స్టాపులో ఆ అమ్మాయి ఎక్కింది ఒక ప్రైవేటు బస్సు అని గుర్తు చేసుకుందాం. ఆ తర్వాత మనకి పానిక్ బటన్లు వచ్చాయి. రాత్రి తొమ్మిదికి బస్సు వచ్చిందా?

ఈ భయం చదువుల్ని కూడా తినేస్తోంది. దారి భద్రంగా ఉంటుందంటే మంచి కాలేజీని వదులుకుని నాసిరకం కాలేజీలో చేరడానికైనా ఢిల్లీ అమ్మాయిలు సిద్ధపడుతున్నారని గిరిజా బోర్కర్ పరిశోధన తేల్చింది. నేనూ పీహెచ్‌డీ చేసిన ఐదేళ్లూ ఆఖరి బస్సుని బట్టి లైబ్రరీలోంచి లేచాను. తెరిచిన పుస్తకం మూసేసి, బ్యాగు సర్దుకుని పరుగు. నాతో చదివిన మగపిల్లలకి ఆ బస్సు టైము కూడా తెలీదు.

ఇక రైలు సంగతి. నిజాం రాజ్యంలో 1932లో బస్సులు మొదలుపెట్టింది నిజాం స్టేట్ రైల్వేలోని ఒక విభాగమే, 27 బస్సులతో. రైలూ బస్సూ ఒకే సంస్థ కింద పుట్టాయన్నమాట. ఇప్పుడవి ఒకదాని మొహం ఒకటి చూసుకోవు. పెద్దపల్లి - కరీంనగర్ - నిజామాబాద్ లైనుకి పీవీ ప్రధానిగా ఉన్నప్పుడు 1993లో శంకుస్థాపన జరిగితే 2017కి గానీ పూర్తికాలేదు. ఇరవై నాలుగేళ్లు! శంకుస్థాపన నాడు పుట్టిన పిల్ల డిగ్రీ అయిపోయి, పెళ్లయి పోయి ఉంటుంది. ఆ లైను చొప్పదండికి రాలేదు, పక్క మండలం గంగాధర మీదుగా పోయింది. హైదరాబాదుకి దగ్గరిదారి కావాల్సిన మనోహరాబాద్ - కొత్తపల్లి లైనుకి 2016 ఆగస్టులో శంకుస్థాపన చేస్తే, సిద్దిపేట దాకా రైలు రావడానికే 2023 అక్టోబరు అయింది. కోవిడ్‌తో ఆగిన పాసింజర్లు తిరిగొచ్చాక వాటికి ఎక్స్‌ప్రెస్ స్పెషల్ అని పేరుపెట్టి కనీస చార్జీ పది రూపాయల నుంచి ముప్పైకి పెంచారు. మళ్లీ పది చేసింది 2024 ఫిబ్రవరిలో. మొదట్నుంచీ రైల్లో మనకి జీరో టికెట్టు లేదు. వందే భారత్‌ల ప్రారంభోత్సవాలు చూపించే టీవీలకి ఈ ఇరవై రూపాయలు వార్త కాలేదు. కైకిలికి పోయే ఆమెకి మాత్రం రానూపోనూ నలభై రూపాయల తేడా.

2025 మార్చి నుంచి మహిళా సమాఖ్యలు బస్సులు కొని ఆర్టీసీకి అద్దెకిస్తున్నాయి. బస్సుకి యజమానులం అయ్యాం, సంతోషం. ఆ బస్సు ఏ ఊరికి, ఏ వేళకి పోవాలో కూడా సమాఖ్యే చెప్పాలి. అద్దె మనకి, రూటు వాళ్లకి అంటే ఒప్పుకోకూడదు. గంగాధర స్టేషన్‌కి రైలు వచ్చే వేళకి చుట్టుపక్కల మండలాల బస్సు స్టేషన్ ముందు నిలబడి ఉండాలి. లోపలి ఊళ్లకి రాత్రి తొమ్మిది తర్వాత ఒక ట్రిప్పు కావాలి. బస్టాండులో తలుపు గడియపడే, నీళ్లొచ్చే మరుగుదొడ్డి కావాలి. ఇవేవీ మెట్రో అంత ఖర్చు పనులు కావు.

మనం కూడా కొంచెం ఆలోచించాలి. స్త్రీల సాహిత్యం మీద సభలు హైదరాబాదులో సాయంత్రం ఆరింటికి పెట్టి, జిల్లాల నుంచి రచయిత్రులు రావడంలేదని బాధపడుతుంటాం. ఈసారి సభ పెట్టే ముందు కరీంనగర్, ఆదిలాబాద్ ఆఖరి బస్సుల టైములు కనుక్కుని ఆహ్వానపత్రం అచ్చువేయండి. అంతకుముందే మీ ఊరికి పగలు మొదటి బస్సు ఎన్నింటికి వస్తుందో, రాత్రి ఆఖరి బస్సు ఎన్నింటికో, నడుమ ఎన్ని వస్తున్నాయో రాసి పంపండి. ఊరి పేర్లతో సహా ఆ జాబితా ఈ పత్రికలో వేద్దాం. ఒక కాపీ డిపో మేనేజరుకి, ఒకటి రవాణా శాఖకి పంపిద్దాం.