ఇంటి పద్దు: డివిడెండు చీర

ఈ మాసమున మా పొరపాటునే మీ ముందుంచుచున్నాము. పసుపుకుంకుమక్రింద పుట్టినింటివారిచ్చిన పొలము అమ్మగా వచ్చిన సొమ్ములో లక్ష రూపాయలను 2016లో నిఫ్టీ సూచీ ననుసరించు ఫండులో పెట్టితిమి. ఫారము నింపినవారు “డివిడెండు కావలయునా, గ్రోతు కావలయునా?” యని యడిగిరి. గ్రోతన్న చేతి కేమియు రాదు. డివిడెండన్న పండుగనాటి కేదో కొంత వచ్చును. ఇంటి యిల్లాలికి చేతిలో రొక్కమాడుటకంటె కావలసిన దేమున్నదని మొదటిదానిని విడిచి రెండవదానిని కోరితిమి కాదు, డివిడెండునే కోరితిమి. అదే దినమున, అదే ఫండులో, అంతే సొమ్మును మా పొరుగింటి వదినగారు గ్రోతు పద్ధతిని వేసిరి.

వచ్చిన డబ్బేమయ్యెనో చెప్పుటకు సిగ్గగుచున్నది. ఒకసారి మా అత్తగారికి వెంకటగిరి చీర, ఒకసారి కుక్కరు, ఒకసారి పిల్లలకు చెప్పులు. తక్కినది పద్దులోనైన నెక్కలేదు. మొన్న వదినగారి కాగితమును మా కాగితమును ప్రక్కప్రక్కను బెట్టి చూచినపుడు గాని మాకు కన్నులు తెఱచుకొనలేదు.

సంగతి యిది. నిఫ్టీలోని 50 కంపెనీలు తమ లాభములనుండి పంచునది మొదట ఫండునకు జేరును. గ్రోతు పద్ధతియందు ఫండువారు దానితో మరల వాటాలనే కొందురు. డివిడెండు పద్ధతియందు మనకు పంచిపెట్టుదురు. పంచినంతమేర యూనిటు విలువ తగ్గును. నూరు రూపాయల యూనిటుపై 5 రూపాయలు పంచిన మిగులునది 95. మన కొంగుముడి విప్పి మన కాసునే మన చేతిలో బెట్టిన, దానిని బహుమానమని మురిసిపోతిమి! సెబీవారు 2021 ఏప్రిలు 1 నుండి ఈ పద్ధతికి డివిడెండను పేరు తీసివేసి, ఆదాయ పంపిణీతోపాటు మూలధనపు ఉపసంహరణ యని తెలుపు పేరు పెట్టించిరి. పేరు పలుక నోరు తిరుగదు గాని, నిజము పలుకుచున్నది. ద్రౌపది అక్షయపాత్ర సైతము ఆమె భుజించు వరకే గదా పెట్టినది.

లెక్క చూడుడు. లక్ష రూపాయలు ఏటికి నూటికి 10 చొప్పున పెరుగుననుకొందము. ఇది ఊహయే గాని వాగ్దానము గాదు. ముట్టక యుంచిన 20 ఏండ్లకు సుమారు 6,73,000 అగును. ఏటేట నూటికి 2 తీసికొని వాడుకొన్నచో మిగులునది సుమారు 4,66,000, వాడుకొన్నది 92,000. రెండును కలిపినను లక్షకు పైగా తరుగు. 2 అన్నది మనకంటికి ఆవగింజంత!

పన్ను సంగతియు నున్నది. 2020 ఏప్రిలు నుండి డివిడెండు మన ఆదాయములో గలిసి, మన శ్లాబునుబట్టి పన్ను పడును. గ్రోతునందు అమ్మినపుడే పన్ను. ఏడాదికి మించి యుంచిన వాటాల ఫండులపై, ఒక ఆర్థిక సంవత్సరమున లక్షా పాతికవేలకు మించిన లాభముపై నూటికి పండ్రెండున్నర. ఇది 2024 జూలై 23 నుండి అమలైనది.

అట్లని ఉన్నదంతయు ఇందు బోయుడని మే మనము. నిఫ్టీ 2008 జనవరిలో 6,300 దాటి, ఆ యేడే అక్టోబరు 27న 2,600కు దిగువన ముగిసెను. 2010లో పాత మట్టమును తాకినను నిలువలేదు. నాలుగైదేండ్లలో పెండ్లి పెట్టుకొన్నవారు ఆ సొమ్మును బ్యాంకులోనే యుంచుట మేలు. నెలనెల ఖర్చు కావలసిన పెద్దవారు గ్రోతు యూనిట్లనే కావలసినంత అమ్ముకొనవచ్చును. అప్పుడు ఎంత, ఎన్నడన్నది తమ చేతిలో నుండును.

మాకింత తొందర యెందుకనగా, మావారు బడిపంతులు. 2004 సెప్టెంబరు 1 తరువాత కొలువున జేరినవారికి పాత పింఛను వర్తింపలేదు. వారిది చందా పింఛను. వారు విరమించునాటికి ఈ లక్షయే మాకొక ఊతకఱ్ఱ కావలసియున్నది.

గ్రోతునకు మార్చుటయు అమ్మకముక్రిందనే లెక్కయట. లాభము పన్ను మితికి లోపలనే యున్నందున నిన్న సంతకము చేసి పంపితిమి. ఈ దసరాకు చీర యేదని అత్తగా రప్పుడే అడుగుచున్నారు.